వంకర బొటనవేలి చేతితొడుగులు

పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఎవరైనా చేత్తో చేసి ఏదైనా పంపితే నాకు ఏడుపొస్తుంది. పాతకాలపు ఇంగ్లండు వర్తకుల ఇళ్ల గురించి చదువుతుంటే అందుకే నాకీ కథ తోచింది.

లండన్‌లో గాడ్‌ఫ్రీ అనే ఉన్ని వర్తకుడు భార్యతో ఉండేవాడు. భర్త పోయి బ్రిస్టల్‌లో ఒంటరిగా ఉంటున్న చెల్లెలు ఎలెన్, ఉత్తరంతో పాటు తను కుట్టిన చేతితొడుగులు పంపింది. ఒకదాని బొటనవేలు వంకరగా వచ్చింది.

“ఇవి నా హోదాకు తగవు. తిప్పి పంపెయ్. ఇక ఉత్తరాలు కూడా వద్దని చెప్పించు,” అన్నాడతను పనిమనిషి జోన్‌తో.

ఎలెన్‌కు పుట్టింటితో మిగిలిన బంధం ఆ ఉత్తరాలేనని జోన్‌కు తెలుసు.

“అలాగేనయ్యా. ఆవిడది మనం తిప్పి పంపితే, మనది ఆవిడా తిప్పి పంపుతారు. పోయినేడు అమ్మగారి పేరుతో ఆవిడకు పంపాం కదా, నేను కుట్టిన పూలసంచి.”

“పంపితే?”

“అది అమ్మగారే కుట్టారని ఊరంతా చెప్పుకున్నాం కదా. ఇంటికి వచ్చిన వాళ్లు దాన్ని చూసి ఇంకో పువ్వు కుట్టి చూపించమంటే, అమ్మగారి చేతికి సూది ఇవ్వాలా, నన్ను పిలవాలా అని.”

గాడ్‌ఫ్రీ గొంతు సవరించుకున్నాడు. “తొడుగులు బాగున్నాయని రాస్తాలే.”

“రాస్తే చాలదయ్యా. ఆదివారం చర్చికి వేసుకెళ్లండి. బ్రిస్టల్‌కు సరుకు తోలే బండివాడూ అక్కడికొస్తాడు, చూసి ఆవిడకు చెబుతాడు.”

ఆదివారం గాడ్‌ఫ్రీ సిగ్గుతో చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. వెనకే వస్తున్న బండివాడికి అవి ఇంకా బాగా కనబడ్డాయి.

మా మేనత్త అల్లి పంపిన మఫ్లరు అందిందని మొన్న మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ఇప్పుడది మెడకు చుట్టుకున్నాను. అత్తకు ఫోన్ చేస్తాను.