నిన్నటి రవ్వ

తారకేశ్‌కి తన బ్యాండే నచ్చడం మానేసింది. అదీ వచ్చిన చిక్కు.

బ్యాండు పేరు గండశిల. పదకొండేళ్ల కిందట విశాఖలో నలుగురు కలిసి ఒక కారు షెడ్డులో మొదలుపెట్టిన మెటల్ బ్యాండు, అంటే చెవులు చిల్లులు పడేలా వాయించే రాక్ సంగీతం. మామూలు మెటల్ కూడా కాదండీ, లెక్కల మెటల్. ఏడు దెబ్బల మీద పదకొండు దెబ్బలు ఎక్కిస్తారు. పాట మధ్యలో నడక మార్చేస్తారు. వినేవాడు తల ఊపుతూ ఊపుతూ, ఇక ఎక్కడ ఊపాలో తెలీక నోరు తెరిచి నిలబడిపోవాలి. అలాంటి సంగీతం.

డ్రమ్స్ మీద తారకేశ్. రెండు కాళ్లతో రెండు పెడల్స్ తొక్కుతుంటే షెడ్డు గోడలకి సున్నం రాలేది. మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు కుర్రాళ్లు అతనికి మరఫిరంగి అని పేరు పెట్టారు.

కానీ వీళ్లు ఒకచోట ఆగే రకం కాదు. రెండో ఆల్బమ్‌కి పాటలు ఇరవై నిమిషాలయ్యాయి. మూడోదాంట్లోకి వయొలిన్ వచ్చింది. ఇప్పుడు నాలుగోది తయారవుతోంది. పాటలు కట్టేదీ పాడేదీ ఎస్తేరు. ఒకప్పుడు ఆవిడ గొంతెత్తి అరిస్తే మైకు సెట్టు అతను చెవులు మూసుకునేవాడు. ఇప్పుడు పసిపిల్లని జోకొడుతున్నట్టు పాడుతోంది. ఒక పాటలో అయితే మూడు నిమిషాల దాకా డ్రమ్సే లేవు. తారకేశ్ కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాత ఒక్క దెబ్బ.

"ఒక్కటా?" అని అడిగాడు.

"ఒక్కటే. కానీ అది నువ్వే కొట్టాలి," అంది ఎస్తేరు.

అతనికి అది పొగడ్తలా వినిపించలేదు. పైగా పాత అభిమాని ఎవరో, గండశిల కాస్తా గులకరాయి అయిపోయింది అని నెట్‌లో రాసిపడేశాడు. దాని కింద నాలుగు వందల మంది నవ్వులు పెట్టారు. తారకేశ్ వారం రోజులు ప్రాక్టీసుకే వెళ్లలేదు.

ఎస్తేరు మెసేజ్ పెట్టింది. శనివారం సాయంత్రం ఐదింటికి ఆఖరి ప్రాక్టీసు. ఆదివారం రికార్డింగు. నువ్వు రాకపోతే వేరే మనిషిని చూసుకోవాలి, ఏ సంగతీ చెప్పు. తారకేశ్ జవాబివ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి బొబ్బిలి పోయాడు, చిన్నప్పుడు తనకి లయ నేర్పిన సన్యాసయ్య మాస్టారి దగ్గరికి.

మాస్టారికి డెబ్బై ఆరేళ్లు. మృదంగం. ఆ సాయంత్రం ఆ ఊళ్లోనే ఒక హైస్కూలు హాల్లో ఆయన కచేరీ. తారకేశ్ ముందు వరసలో కూర్చున్నాడు. ఎడమ మూత మీద మాస్టారు అరచెయ్యి అలా జారిస్తే, పావురం గొంతులోంచి వచ్చినట్టు గుమ్మని ఒక నాదం. హాలంతా చప్పట్లు. తారకేశ్‌కి కళ్లు చెమర్చాయి.

ఆటోలో ఇంటికొస్తూ ఉండబట్టలేక అన్నాడు. "ఇవాళ పలికినట్టే ఎప్పుడూ పలకాలి మాస్టారూ. ఒకసారి కుదిరిందాన్ని మళ్లీ ఎందుకు మార్చడం? మావాళ్లకి అదే చెప్తుంటే వినరు."

మాస్టారు రోడ్డు వైపు చూస్తూ, "ఆకలేస్తందిరా," అన్నారు. అంతే.

పొద్దున్న లేచేసరికి వాన. కాఫీ తాగుతూ ఆయనే కదిపారు.

"మీ ఆల్బమ్‌లు మూడూ విన్నాను. మొదటిది పెడితే మా పిల్లి అటకెక్కేసింది."

"మూడోదానికి?"

"దిగొచ్చి నా పక్కన కూచుంది."

"అదే మాస్టారూ నా ఏడుపు. పిల్లులు దిగొచ్చే మెటల్ ఏం మెటల్?"

మాస్టారు నవ్వారు. "అందులో వయొలిన్ అందుకునే ముందు నువ్వొక అర లెక్క ఆగావు చూడు. అక్కడ రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను."

"అది కావాలని ఆగలేదండి. కర్ర జారింది."

"ఆగావు కదా," అన్నారాయన. "సరే, ఇప్పుడు ఏటి చేద్దామని?"

"బయటికొచ్చేస్తాను. వేరే బ్యాండు పెట్టుకుంటాను. మొదటి ఆల్బమ్ ఎలా ఉందో అలాగే, ఒక్క దెబ్బ కూడా మార్చకుండా. మీరు సరేనంటే ఇవాళే చెప్పేస్తాను వాళ్లకి."

మాస్టారు లేచి లోపలికెళ్లారు. నిన్నటి మృదంగం తెచ్చి సంచి విప్పి అతని ముందు పెట్టారు.

"వాయించు."

"మీదా?"

"నిన్న మెచ్చుకున్నావు కదా. అదే. నేను ముట్టుకోనైనా లేదు."

తారకేశ్ భయభక్తులతో ఒళ్లోకి తీసుకున్నాడు. కుడి చెయ్యి వేశాడు. కుడి మూత మీది నల్ల మచ్చ పక్కన ఖంగుమని పలికింది. ఎడమ చెయ్యి వేశాడు.

టక్.

బల్ల మీద కొట్టినట్టు.

తిప్పి చూశాడు. ఎడమ మూత నడిమధ్యలో నిన్న కచేరీకి అంటించిన రవ్వ ముద్ద ఎండిపోయి, బీటలు వారి ఉంది. అటువైపు ఆ బరువైన నాదం వచ్చేదే తడి రవ్వ వల్ల. కచేరీకి ముందు బొంబాయి రవ్వ నీళ్లతో పిసికి అంటించాలి, కచేరీ అవ్వగానే గీకేయాలి. తొమ్మిదో ఏట తారకేశ్ ఈ ఇంట్లో అడుగుపెడితే ఆయన మొదట నేర్పింది వాయించడం కాదు, ఇదే. అలాంటి మనిషి, తారకేశ్ ఎరిగినంతలో రవ్వ గీకకుండా మృదంగాన్ని సంచిలో పెట్టింది లేదు.

"నిన్న గీకలేదు మీరు."

"లేదు."

"ఎండిపోయింది మాస్టారూ."

"నిన్న అంతమంది చప్పట్లు కొట్టింది ఈ రవ్వకే కదరా. గీకి పారేయడానికి మనసొప్పుద్దా? వాయించు."

మళ్లీ కొట్టాడు. టక్. ఒక పెచ్చు ఊడి అతని తొడ మీద పడింది.

"గట్టిగా కొట్టు. చెయ్యి చాలకపోతే కాళ్లు కూడా వాడు. మరఫిరంగివంట కదా."

తారకేశ్ ఆ పెచ్చుని రెండు వేళ్లతో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. బయట వాన చూరు మీంచి కారుతోంది. మాస్టారు కాఫీ చల్లారిపోతోందని గ్లాసు అందుకున్నారు, తాగారు, కింద పెట్టారు. 

కాసేపటికి తారకేశ్ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. లోపల మాస్టారి భార్య పొయ్యి దగ్గర ఉన్నారు.

"అమ్మగారూ, కొంచెం రవ్వ ఉందాండీ?"

"ఉప్మాకి తీసి పెట్టాను, అందులోంచే తీసుకో," అన్నారావిడ. "నిన్న ఆయన, ఇవాళ నువ్వు. ఈ ఇంట్లో రవ్వ మనుషుల నోట్లోకి పోయింది ఎప్పుడు గనక."

తారకేశ్ పాత రవ్వని నెమ్మదిగా, తోలు చిట్లకుండా గీకేశాడు. తడిగుడ్డతో మూత తుడిచాడు. గిన్నెలో రవ్వ వేసుకుని చెంబు పట్టుకుని ఆగాడు.

"నిన్న ఎన్ని నీళ్లు పోశారు మాస్టారూ?"

"నిన్న ఉక్కపోత. ఇవాళ వాన."

తారకేశ్ కొద్దికొద్దిగా పోసుకుంటూ, వేళ్లతో చూసుకుంటూ పిసికాడు. ముద్దని మూత మధ్యలో గుండ్రంగా అదిమాడు. కొట్టి విన్నాడు. చిటికెడు తీసేసి మళ్లీ కొట్టాడు. ఇంకొంచెం కలిపి అంటించాడు. ఈసారి అరచెయ్యి వాల్చి జారించాడు.

నాదం నేల మీదుగా పాకినట్టు వచ్చింది. నిన్నటికంటే కింద, నిన్నటికంటే వెడల్పుగా.

"నిన్నటిలా ఉందా?" అన్నారు మాస్టారు.

"లేదండి."

"బాగుందా?"

తారకేశ్ ఇంకొక్కసారి కొట్టి, చెయ్యి గాల్లోనే ఉంచి, అది పూర్తిగా ఆగేదాకా విన్నాడు. తర్వాత మృదంగాన్ని మెల్లగా పక్కన పెట్టి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

"ఐదింటికి విశాఖలో ప్రాక్టీసుంది మాస్టారూ, బస్సు ఎన్నింటికుందో?"

మాస్టారు కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

"ముందు చెయ్యి కడుక్కో."