సుంకులమ్మ చెయ్యి

ఊయల ఊగుతూనే ఉంది, బిడ్డ పోయాడు. జరిగింది ఇదే. చివర్లో బతుకుతాడేమోనని ఎవరూ ఎదురుచూడకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఎప్పటి మాటో అడక్కండి, ఆ కాలాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. ఎర్రనేలల మీద ఒక ఊరు. ఊరి చివర ఒక పందిరి. పందిరి కింద ఒక గానుగ, ఒక ఎద్దు, ఒక సుంకులమ్మ. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఎవరు నువ్వులు తెచ్చినా నూనె ఆడించి ఇచ్చేది. ఆ చుట్టుపక్కల ఇంకో గానుగ లేదు.

పందిరికి ఎదురుగా ఆసామి గిడ్డయ్య కొర్రచేను. ఆడవాళ్లు అక్కడ కలుపు తీసేవాళ్లు. పందిరి వాసాలకు చీరతో ఊయలలు కట్టి పసిబిడ్డలను పడుకోబెట్టేవాళ్లు. బిడ్డ ఏడిస్తే తల్లి సాలు వదిలి పరుగెత్తుకొచ్చేది. పాలిచ్చి, ఊపి, మళ్లీ పరుగెత్తేది. గట్టు మీద నుంచి గిడ్డయ్య అరిచేవాడు.

"ఏం ఈరమ్మా, కలుపు తీయడానికొచ్చినావా, ఊయల ఊపడానికొచ్చినావా?"

"మీయమ్మ ఊపింటేనే నువ్వింతవాడివైనావు లే" అనేది ఈరమ్మ, అతనికి వినబడనంత మెల్లగా. పక్క సాలులో వాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

ఈరమ్మకు తొలి కాన్పు నిలవలేదు. ఇప్పుడు ఊయలలో ఉన్న ఓబులేసు మొక్కుకుంటే పుట్టినవాడు.

ఆ పరుగులు, ఆ అరుపులు సుంకులమ్మ రోజూ చూసేది. చూసి ఊరుకోలేకపోయింది. గానుగలో తిరిగే రోకలి తలకు ఒక తాడు వదులుగా ముడేసింది. ఆ తాడును ఊయలలన్నిటికీ కలిపింది. ఎద్దు ఒక చుట్టు తిరిగితే తాడు ఒకసారి లాగేది, ఒకసారి వదిలేది. ఊపు తగ్గేలోపు ఎద్దు మళ్లీ వచ్చేది.

ఎద్దు తిరిగింది. ఊయల ఊగింది. బిడ్డ ఏడవలేదు.

"నీ చెయ్యి సల్లగుండ, సుంకులక్కా!" అన్నారు తల్లులు. సుంకులమ్మ సిగ్గుపడి ఎద్దు వీపు నిమిరింది.

కొన్నాళ్లకు ఈరమ్మ పాలివ్వడానికని సాలులోంచి లేచింది. గిడ్డయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిడ్డ ఏడ్సలేదు గదా. యాడికి?"

"పాలు చేపినాయయ్యా. రొమ్ములు సలుపుతాండాయి."

"సంగటి తినే పొద్దుకు పోదువులే. వంగు."

ఈరమ్మ వంగింది. రవిక తడిసింది. అప్పటిదాకా బిడ్డ ఏడుపే వాళ్లకు సెలవు. ఆ సెలవు పోయింది.

ఎద్దు తిరిగింది. ఊయల ఊగింది. బిడ్డ ఏడవలేదు.

ఇంకో రోజు ఒక పసిదాని చెవి నిండా ఎర్రచీమలు. అది ఎప్పుడో ఏడ్చే ఉంటుంది. గానుగ కిర్రుమనే చప్పుడులో ఎవరికీ వినబడలేదు. సుంకులమ్మ చీమలను ఒక్కొక్కటే దులిపింది. పందిరి గుంజల చుట్టూ బూడిద చల్లింది. తాడు మాత్రం విప్పలేదు. చీమలు ఎప్పుడూ ఉండేవే కదా అని తనకు తానే చెప్పుకుంది. అంతకుముందు నిమిషానికోసారి ఊయలలోకి తొంగిచూసేది. తాడు కట్టాక నీళ్లకు వెళ్లేది, నూనె ఇచ్చిరావడానికి వెళ్లేది. కళ్లకు గంతలున్న ఎద్దు తనపాటికి తాను తిరుగుతూ ఉండేది.

ఆ తర్వాత ఒక పొద్దున ఈరమ్మ బిడ్డను పడుకోబెట్టి అక్కడే నిలబడిపోయింది.

"అక్కా, ఒళ్లు కొంచెం కాలుతాంది. సూస్తాంటావా?"

"సూస్తా పో."

చూసింది కూడా. బిడ్డ పడుకునే ఉన్నాడు. తర్వాత కుండలో నీళ్లు అయిపోయాయి. వాగుకు వెళ్లింది.

చేలో ఈరమ్మ తలెత్తి చూసింది. ఊయల ఊగుతోంది. వంగింది. మళ్లీ తలెత్తింది. ఊగుతోంది. వంగింది. మూడోసారి తలెత్తినప్పుడు ఎందుకో చేతిలోని కలుపుతీసే దోకి జారింది. ఒక అడుగు గట్టువైపు వేసింది.

"ఊగుతాంది గదమ్మా, కనపడలా?" అన్నాడు గిడ్డయ్య.

నిజమే, ఊగుతోంది. ఈరమ్మ వంగింది.

ఎద్దు తిరిగింది. ఊయల ఊగింది. బిడ్డ ఏడవలేదు.

సంగటి పొద్దుకు వచ్చి మట్టి చేతులతోనే ఊయల చీర విప్పింది. బిడ్డ ఒళ్లు చల్లబడి ఉంది. నీళ్ల కుండతో వచ్చిన సుంకులమ్మ పందిరి బయటే ఆగిపోయింది.

"ఊగుతాందే అక్కా," అంది ఈరమ్మ. "ఊగుతాంటే నువ్వుండావనుకుంటి."

"ఎద్దు ఉండె," అంది సుంకులమ్మ.

కుండ దించి, కొడవలి తీసి, తాడు కోసేసింది. ఊయలలు కొంచెంసేపు ఊగి ఆగాయి. ఎద్దు మాత్రం ఇంకా తిరుగుతోంది. దాన్నీ విప్పేసింది.

మర్నాడు గిడ్డయ్య వచ్చాడు. "తాడు కట్టు. కలుపు సగంలో నిలిచిపోయింది."

"కట్టను."

తల్లులు కూడా వచ్చారు. వాళ్లలో ఒకామె కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "అక్కా, తాడు లేకుంటే మళ్లీ తిట్లు తినాల గదా. నువ్వు కొంచెం కనిపెట్టుకోనుంటే సాలు."

"తాడుంటే కనిపెట్టను. నాకు తెల్సు," అంది సుంకులమ్మ. "ఏడిస్తే పిలుస్తా. మీరు రాండి." గిడ్డయ్య వైపు తిరిగింది. "పిలిస్తే పంపించు. పంపకుంటే మీ ఇంటి నువ్వులు ఆడను. దీపం ఎట్ల పెట్టుకుంటావో పెట్టుకో."

గిడ్డయ్య గొణుక్కుంటూ పోయాడు. ఆ రోజు నుంచి పందిట్లో బిడ్డ ఏడిస్తే చాలు, చేనంతా వినబడేలా తల్లి పేరు పెట్టి పిలిచేది. ఈరమ్మ పేరు పిలవాల్సిన పని లేదు. ఆ సాలు దగ్గరికి చూపు వెళ్లినప్పుడల్లా సుంకులమ్మ వెనక్కి తిరిగి ఊయలలన్నీ మళ్లీ ఒకసారి చూసుకునేది. ఈరమ్మ ఆమెతో మళ్లీ మాట్లాడిందో లేదో ఎవరూ చెప్పలేదు.

సుంకులమ్మ పోయింది, పందిరీ పోయింది. ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ ఊగే ఊయల పక్కనుంచి ఎవరూ ఊరికే వెళ్లిపోరు. చేత్తో పట్టి ఆపుతారు. లోపలికి చూస్తారు. బిడ్డ పాదం తాకి "సుంకులమ్మ చెయ్యి" అంటారు. ఆ తర్వాతే మళ్లీ ఊపుతారు.

సుంకులమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ పందిట్లో పసిబిడ్డ ఉన్నంతసేపు గానుగ కట్టలేదు.