గోతిలో కూర్చున్న ఏనుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాన పట్టుకుందంటే అలాంటిలాంటి వాన కాదు. చేపలు వాన ధారల మీదుగా ఈదుకుంటూ మబ్బుల్లోకి వెళ్ళి, అక్కడ చుట్టాలను పలకరించి, తీరిగ్గా తిరిగి వచ్చేవి. అంత వాన! అప్పుడు జంతువులన్నీ పిల్లాపాపలతో కొండగుహలోకి చేరేవి. ఆ గుహ ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళ "చిరంజీవ" మర్నాటికి గాని వినిపించేది కాదు.

గుహలో పెద్దలు హాయిగా కునుకు తీసేవారు. పిల్లలకేమో ఏమీ తోచేది కాదు. ఏమీ తోచని పిల్లలు ఊరుకుంటారా? కోతిపిల్లలు ఏనుగు తోక పట్టుకుని ఊగేవి. ముళ్ళపంది పిల్లలు పడుకున్నవాళ్ళ వీపుల కిందకి దూరేవి. ఇక కునుకెక్కడిది!

ఆ గుహ కప్పు మూలన సన్నమ్మ అనే సాలీడు ఉండేది. ఆవగింజంత ఒళ్ళు, గుమ్మడికాయంత బుర్ర. ఒక వేసవిలో ఆ బుర్రలో ఒక ఆట పుట్టింది.

ఆట ఇలా ఉంటుంది. నున్నటి గోడకు ఎదురుగా ఒక ఎండు సొరబుర్ర. దాన్నిండా మిణుగురులు. అవి వెలిగితే గోడంతా వెలుతురు. మధ్యలో ఆకుతో చేసిన కుందేలు దారానికి వేలాడుతుంది. దాని నీడ గోడ మీద పడుతుంది. దారం లాగితే నీడ కుందేలు గెంతుతుంది. కింద పొడవాటి తాటాకును గుంటడు అనే పేడపురుగు లాక్కుంటూ పోతాడు. ఆ తాటాకు నీడే నేల. దానికి పెట్టిన గాట్లే గోతులు. సమయానికి గెంతకపోతే కుందేలు గోతిలో పడుతుంది. మళ్ళీ మొదటికి రావాలి.

అయితే మిణుగురులు ఊరికే వెలగవు. తేనె పోయాలి. గుంటడూ ఊరికే లాగడు. ఆట కుదిరేదాకా రోజూ తేనె కావాలి. సన్నమ్మ దగ్గర దారం తప్ప మరేమీ లేదు.

అడవిలో తేనె అంటే ఎలుగుబంటి గుబురయ్యదే. అతని పొదలోని తేనెపట్ల బరువుకు కొండ ఒక పక్కకు ఒరిగిపోయింది. సన్నమ్మ అతన్ని పిలిచి ఆట చూపించింది. గుబురయ్య దారం లాగాడు. కుందేలు దబ్బున గోతిలో పడింది.

"ఇదేమిటే, పడ్డాను!" అన్నాడు గుబురయ్య.

"పడతారు మామా. మళ్ళీ లేస్తారు. సరదా అంతా అందులోనే ఉంది."

"పడటం సరదా ఏమిటి, నీ మొహం! సరే విను. వానలు మొదలయ్యేదాకా తేనె అంతా నేనే పోస్తాను. కానీ రెండు సంగతులు. కుందేలును తీసేసి ఎలుగుబంటిని పెట్టు. గోతులు పూడ్చెయ్యి."

"గోతులు లేకపోతే ఆడేవాళ్ళు ఏం చేస్తారు మామా?"

"నడుస్తారు. హుందాగా నడుస్తారు."

సన్నమ్మకు నవ్వొచ్చింది. తేనె అవసరం గుర్తొచ్చి ఆ నవ్వు పోయింది. ఎనిమిది కాళ్ళూ ముడుచుకుని చాలాసేపు ఆలోచించింది. గోతులు పోతే అది తన ఆట కాదు.

"మీ తేనె మీ దగ్గరే ఉండనివ్వండి మామా" అంది.

గుబురయ్య వెళ్ళిపోయాక గుంటడు తల పట్టుకున్నాడు. "అక్కా, తేనె ఏరును వెనక్కి పంపేశావు!"

"ఒక్కరిని ఏరు అడగడం ఎందుకురా? అందరినీ తలా ఒక చుక్క అడుగుదాం. అందరూ ఆడుకునే ఆటే కదా!"

గుహ వాకిట్లో పెద్ద దొన్నె పెట్టింది. "ఇప్పుడు చుక్క తేనె పోసినవాళ్ళకు వానల్లో ఆట" అని చాటింది. ఇంకేముంది! అడవి అడవంతా పూల మీద పడింది. ఆ వారం సీతాకోకచిలుకలు పస్తులున్నాయంటే చూసుకోండి.

ముందు నెమలి వచ్చి చుక్క పోసింది. "సన్నమ్మా, ఆటలో పురి విప్పిన నెమలి ఉంటుంది కదా?" అని అడిగింది.

ఒకరు తనను నమ్మి చుక్క పోయడం సన్నమ్మకు అదే మొదలు. ఒళ్ళు పులకరించింది. "ఎందుకుండదు బావా! ఉంటుంది" అంది.

తరువాత కప్ప వచ్చింది. "ఆటలో వాన కురిస్తే బాగుంటుందే" అంది.

"కురుస్తుంది అత్తా, జోరుగా కురుస్తుంది!"

తరువాత ఏనుగు వచ్చింది. "గోడ మీద నా మనవలు నన్ను చూసుకోవాలమ్మా."

"మీరు లేకుండా ఆట ఏమిటి తాతయ్యా!"

ఇలా ఎవరేమడిగినా సన్నమ్మ సరే అంది. దొన్నె నిండి పొర్లింది. ఆ పొర్లిన తేనెలో చీమలు తెప్పలు కట్టుకుని తిరిగాయి.

ఇక పని మొదలైంది. నెమలికి ఒక దారం. ఆ పురిలో కన్నుకొక దారం. వాన చినుకులకు చినుకుకొక దారం. ఒక్కో సరేకీ ఇన్నేసి దారాలు వేసేసరికి గాలి కూడా ఆ గుహలో దారి అడిగి వెళ్ళేది. ఇన్ని నీడలకు వెలుతురు చాలక మిణుగురులు రెండింతలు తాగాయి. దొన్నె అడుగంటింది. బయట మబ్బులు కమ్ముకున్నాయి.

చివరికి ఆకు ఏనుగు ఒకటి మిగిలింది. గోడ మీద చోటు లేదు.

"మిగతా గోతులన్నీ నిండిపోయాయి. ఆ పెద్ద గొయ్యి ఒక్కటే ఖాళీ అక్కా" అన్నాడు గుంటడు.

సన్నమ్మ ఏనుగును గోతిలో వేలాడదీసింది. దారం లాగి చూసింది. నెమలి పురి విప్పింది. వాన కురిసింది. కుందేలు ఏనుగు వీపు మీదుగా మెల్లగా నడిచి అవతలికి పోయింది. గెంతలేదు. పడలేదు.

గుంటడు తల గోక్కున్నాడు. "హుందాగా నడుస్తోందక్కా" అన్నాడు.

సన్నమ్మ దారం వదిలేసింది.

అదే సమయానికి మొదటి చినుకు పడింది. జంతువులు గుహలోకి వస్తున్నాయి. గుబురయ్య కూడా వచ్చి ఒళ్ళు విదిల్చాడు. ఆ విదిలింపుకు గుహలో ఒక చెరువు ఏర్పడింది.

"తేనె అయిపోయిందటగా?" అన్నాడు. "నా తేనె అలాగే ఉంది. ఆ రెండు సంగతులూ అలాగే ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. ఆట నా పొదలో ఆడాలి. నేను రమ్మన్నవాళ్ళే ఆడాలి."

మిణుగురులు అప్పటికే మినుకుమినుకుమంటున్నాయి. తేనె పడకపోతే ఎగిరిపోతాయి. ఇన్నాళ్ళ పనీ చీకట్లో కలిసిపోతుంది.

సన్నమ్మ ఆలోచించింది. "గుబురయ్య మామ తనకేం కావాలో ముందే చెప్పాడు. నేను వద్దన్నాను. మిగతావాళ్ళు వేడుకకు అడిగారు. ఆలోచించకుండా తల ఊపింది నేను. ఒక్కరికి ఇవ్వనన్న గోతిని అందరికీ ఊరికే పంచిపెట్టాను."

"వద్దు మామా" అంది. మిణుగురుల దగ్గరకు వెళ్ళి, "ఒక్కసారి, ఉన్నంతలో వెలగండమ్మా" అని బతిమాలింది. తరువాత నెమలి దారాలు కొరికింది. వాన దారాలు కొరికింది. ఏనుగు దారం కొరికింది. కుందేలూ గోతులూ మాత్రమే మిగిలాయి. అప్పుడు అందరినీ పిలిచింది.

"అడిగినవాళ్ళందరికీ సరే అన్నాను. అవన్నీ పెడితే ఆట చచ్చిపోయింది. అందుకే తీసేశాను. ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే."

"నా పురి ఏది?" అని అరిచింది నెమలి.

"లేదు బావా."

"అయితే నా చుక్క నాకు ఇచ్చెయ్యి!"

"మిణుగురులు తాగేశాయి. వానలు తగ్గి పూలు పూశాక, కావాలన్నవాళ్ళకు తిరిగి తెచ్చి పోస్తాను."

"మాట తప్పినదాని ఆట నాకొద్దు" అని నెమలి అటు తిరిగి కూర్చుంది.

ఏనుగు తొండం ఊపుతూ ముందుకు వచ్చింది. "నన్నెక్కడ పెట్టావమ్మా?"

"గోతిలో, తాతయ్యా. కుందేలు మీ వీపు మీద నడిచిపోయింది."

"నా వీపు మీదా!" ఏనుగు నవ్విన నవ్వుకు కొండ తిన్నగా నిలబడింది. "ఇప్పటికే కోతులు తోక పట్టుకు ఊగుతున్నాయి. ఇంకా కుందేళ్ళా? తీసేసి మంచి పని చేశావు."

ఇంతలో తాబేలు పిల్ల ఒకటి దారం లాగింది. కుందేలు గోతిలో పడింది. పిల్లలు గొల్లుమన్నారు. మళ్ళీ లాగింది. మళ్ళీ పడింది. తాబేలు పిల్ల మెడ చాచి, ఊపిరి బిగబట్టి, మూడోసారి లాగింది. కుందేలు గెంతి అవతల పడింది!

గుహంతా ఒక్కసారి కేక పెట్టింది. మబ్బులు ఉలిక్కిపడి ఒక క్షణం వాన ఆపేశాయి. సరిగ్గా అప్పుడే మిణుగురులు ఆరిపోయాయి.

మసకలో దొన్నె జరిగిన చప్పుడైంది. కప్ప దాన్ని నెత్తిన పెట్టుకుంది. "నేను వెళ్తాను. వాన నాకేం లెక్క? కొండవాలున ఇంకా పూలున్నాయి" అంది.

"అత్తా, ఆటలో వాన మాత్రం..."

"వద్దులేవే. బయట సరిపడా కురుస్తోంది. నా వంతు వచ్చేదాకా దీపం ఉంటే చాలు."

కప్ప తెచ్చింది. కోతి తెచ్చింది. గోడ మళ్ళీ వెలిగింది. పిల్లలు వరుస కట్టారు. ఆ వరుస చివర గుబురయ్య నిలబడి ఉన్నాడు. చంకలో ఒక తేనెపట్టు. మెల్లగా వంగి సన్నమ్మ చెవిలో అన్నాడు: "ఇది నువ్వే ఉంచుకో. నేను పడితే మాత్రం ఎవరూ నవ్వకూడదు. సరేనా?"

"ఆ మాట ఇవ్వలేను మామా" అంది సన్నమ్మ.

గుబురయ్య ఆలోచించాడు. తేనెపట్టు దొన్నెలో పెట్టాడు. తన వంతు రాగానే దారం లాగాడు. దబ్బున పడ్డాడు. అందరూ నవ్వారు. గుబురయ్య గుర్రుమని చుట్టూ చూసి, మళ్ళీ వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు.

వానలు తగ్గాక సన్నమ్మ తనకంటే పెద్దదైన తేనెచుక్కను దొర్లించుకుంటూ నెమలి గూటికి వెళ్ళి ఇచ్చి వచ్చింది.

నీతి: ఒక్కరి సాయం తీసుకున్నా, వందమంది సాయం తీసుకున్నా, ఏది ఇవ్వగలమో ఏది ఇవ్వలేమో ముందే చెప్పాలి, అందరినీ మెప్పించాలని ప్రతిదానికీ సరే అంటే మన పని మన చేతిలో మిగలదు.