సేనాపతికి సంకెళ్లు వేయించిన పనసపండు

పూర్వం సింహగిరిని గోకర్ణదేవుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఓపిక తక్కువ, దర్పం ఎక్కువ. ఎవరు ఏం చెప్పబోయినా మీసం మెలేసి, "మొదలంతా మాకెందుకు? చివరకేమైందో చెప్పు!" అనేవాడు. రైతు వాన సంగతి ఎత్తినా అదే మాట, కవి కావ్యం విప్పినా అదే మాట.

ఆయనకు లేకలేక పుట్టిన కూతురు మైలమ. ఎనిమిదేళ్ల పిల్ల. ఆమె అంటే రాజుకు పంచప్రాణాలు. కొలువులో కథలు చెప్పే కొమ్మనను పిలిచి, ఆమెకు చదువు చెప్పమన్నాడు.

ఒకనాడు పొరుగు రాజ్యంనుంచి రాయబారులు వచ్చారు. కూతురి తెలివి వాళ్లకు చూపించాలని రాజుకు సరదా పుట్టింది. ఆమెను సభకు పిలిపించి, "ఒక కథ చెప్పమ్మా" అన్నాడు.

మైలమ చేతులు కట్టుకుని నిలబడింది. "అనగనగా ఒక వేటగాడు. వాడు ఒక చిలుకను..."

"చివరకేమైంది?" అన్నాడు రాజు, అలవాటు కొద్దీ.

పిల్ల తడబడింది. "చివరకు చిలుక ఎగిరిపోయింది... వేటగాడు ఏడ్చాడు... కాదు, పంజరం అంతకుముందే విరిగింది..."

రాయబారులు ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"కొమ్మనా! ఇన్నాళ్లూ మా అమ్మాయికి నువ్వు నేర్పింది ఇదేనా? వచ్చే పౌర్ణమికి ఇదే సభలో తను పొల్లుపోకుండా కథ చెప్పాలి. లేదా నువ్వు రాజ్యం విడిచి వెళ్లాలి."

"చిత్తం, మహాప్రభూ" అన్నాడు కొమ్మన.

తోటలోకి వెళ్లగానే మైలమ అతని పంచె అంచు పట్టుకుంది. "నావల్ల మీరు వెళ్లిపోవాలా, అయ్యవారూ?"

"నీవల్ల కాదు తల్లీ" అన్నాడు కొమ్మన. "నువ్వు కథ చక్కగానే చెబుతావు. 'ముందు ఏం జరిగింది? ఆ తరువాత ఏం జరిగింది? అందువల్ల ఏమైంది?' అని నిన్ను నువ్వే అడుగుతూ నడువు. దారి తప్పవు. మధ్యలో దారి మళ్లించేవారి సంగతి నేను చూసుకుంటాను."

పౌర్ణమి రానే వచ్చింది. సభ నిండుగా ఉంది. రాజు ఇంకా కూతురికి కబురు పంపకముందే కొమ్మన పరుగుపరుగున వచ్చాడు.

"మహాప్రభూ! ఇందాక మన తోటలో..."

"మొదలొద్దు. చివరకేమైంది?"

"చిత్తం. రాజకుమారి వెక్కివెక్కి ఏడ్చింది."

రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "మా మైలమా? ఎందుకు?"

"అంతకుముందు ఆమె జుట్టు కత్తిరించారు, ప్రభూ."

"ఎవరికంత ధైర్యం!"

"దానికి ముందు సేనాపతి దామనగారు కత్తి దూశారు. ఇక దానికి ముందు..."

"చాలు! ఇంకేమీ వినం. ఆ ద్రోహిని కట్టి తీసుకురండి!" అని రాజు గర్జించాడు.

భటులు దామన చేతులకు సంకెళ్లు వేసి తెచ్చారు. యుద్ధాల్లో నెరిసిన ఆ పెద్దమనిషి వెర్రిచూపులు చూస్తూ, "మహాప్రభూ, నేను చేసిన తప్పేమిటి?" అన్నాడు.

అంతలో సంగతి తెలిసి మైలమ రొప్పుతూ సభలోకి వచ్చింది. చెవి దగ్గర జుట్టు ఒకపక్క పొట్టిగా ఉంది. "నాన్నగారూ! దామన మామను వదిలెయ్యమనండి. జరిగింది నేను చెబుతాను."

"చెప్పమ్మా, చివరకు..."

"కాదు. మొదటినుంచి చెబుతాను" అంది మైలమ.

రాజు నోరు మూసుకుని కూర్చున్నాడు.

"ముందు, నేను పనసపండు కావాలని పేచీ పెట్టాను. కొయ్యడానికి కత్తిపీట దొరకలేదు. అందుకని దామన మామ తన కత్తి దూసి పండు చీల్చారు."

"మరి నీ జుట్టు..."

"ఉండండి నాన్నగారూ, ఇంకా అక్కడికి రాలేదు! పండు చీల్చాక నేను ఆత్రంగా చేతులు పెట్టేశాను. జిగురంటుకుంది. ఆ చేతులతోనే ముఖం మీద పడిన జుట్టు తోసుకున్నాను. జుట్టు ముద్దకట్టింది. నూనె రాసినా వదల్లేదు. అందువల్ల దాది ఆ పాయ కత్తిరించింది. అప్పుడు ఏడ్చాను." ఒక్క క్షణం ఆగి, మెల్లగా అంది: "ఆ తరువాత తొనలన్నీ తినేశాను. ఏడుపు పోయింది. అసలు చివర అది."

రాజు భటుల చేతిలో ఉన్న దామన కత్తికేసి చూశాడు. పిడి దగ్గర పసుపు రంగు పనస పీచు ఇంకా అంటుకునే ఉంది. వెంటనే సంకెళ్లు విప్పించి, ఆ పెద్దాయనను దగ్గరకు తీసుకున్నాడు. "క్షమించు దామనా. కత్తి ఎందుకు దూశావో కూడా అడగలేదు" అన్నాడు. తరువాత కొమ్మన వైపు తిరిగాడు.

"నువ్వు మమ్మల్ని బోల్తా కొట్టించావు!"

"నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, ప్రభూ. తమరు ఎలా అడిగితే అలా చెప్పాను" అన్నాడు కొమ్మన. "నేను చెప్పిన సంగతులే రాజకుమారీ చెప్పింది. నా వరుసలో దామనగారు ద్రోహి అయ్యారు. ఆమె వరుసలో పండు కోసిపెట్టిన మామ అయ్యారు. ఆనాడు చిలుక కథ కూడా తిన్నగానే బయలుదేరింది, ప్రభూ. దాన్ని తోకపట్టి వెనక్కి లాగింది మాత్రం..."

కొమ్మన మాట పూర్తిచేయలేదు. సభలో అందరూ తల వంచుకుని నేల చూపులు చూస్తున్నారు. రాజు మీసం కొసలు ముందు అదిరాయి. తరువాత భుజాలు కదిలాయి. ఆ పైన పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"మేమే లాగాం, కొమ్మనా, మేమే లాగాం! ఇక నువ్వు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. రోజూ సాయంత్రం మా అమ్మాయి పక్కన కూర్చుని మేమూ కథ వింటాం. నీకు ఘన సన్మానం చేస్తాం. ముందుగా పండితులచేత ముహూర్తం పెట్టిస్తాం. ఆ తరువాత నగరమంతా తోరణాలు కట్టిస్తాం. ఆ తరువాత..."

కొమ్మన చేతులు జోడించాడు. "మహాప్రభూ, తమ సెలవైతే ఈ ఒక్క కథ మాత్రం చివరినుంచి మొదలుపెడదాం!"

రాజు మళ్లీ సభ దద్దరిల్లేలా నవ్వి, తన చేతి బంగారు కంకణం అక్కడికక్కడే తీసి కొమ్మన చేతికి తొడిగాడు.