దేవుడికి ఏడు కాడలు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక తోటకూర మడి ఉండేది. అడవిలో మడేమిటని నన్నడక్కండి. రాతిలో కప్పకి తిండి పెట్టే స్వామి, అడవిలో మడికి నీళ్ళు పెట్టలేడా?

ఆ మడిని పెంచేది శేషమ్మ అనే ముసలి కుందేలు. అది ఎర్ర తోటకూర. ఆకు ఎరుపు, కాడ ఎరుపు, కడిగిన నీళ్ళు కూడా ఎరుపే. తోటకూర గింజ ఎంతుంటుందో మీకు తెలుసా? ఆవగింజని పిలిచి పక్కన నిలబెడితే, ఆవగింజ ఏనుగులా కనిపిస్తుంది. అంత చిన్న గింజని గుప్పెట పట్టి చల్లితే అంతా ఒక్కచోటే పడుతుంది. అందుకని శేషమ్మ గింజల్ని బూడిదలో కలిపి, పలచగా, ముగ్గు వేసినట్టు చల్లేది. మొక్క ఎదిగాక వేళ్ళతో పీకేది కాదు. చిగురు తుంచేది. తుంచినకొద్దీ మొక్క పక్క కొమ్మలు వేసేది.

పొద్దున్నే అందరూ మడి దగ్గరికి వచ్చేవారు. కొత్తగా ఈనిన లేడికి ముందు. పళ్ళూడిన ముసలి కోతికి తర్వాత. ఆ తర్వాత మిగిలిన వాళ్ళకి, తలా ఒక గుప్పెడు.

కానీ మడిలో తూర్పు మూల ఏడు కాడలు ఉండేవి. వాటిని మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కారు. అవి దేవుడి కాడలు. అవి ముదిరి, ఏపుగా పెరిగి, ఎర్రటి కుచ్చుల్లాంటి కంకులు వేసేవి. ఆరుద్ర కార్తె వాన రేపో మాపో పడుతుందనగా శేషమ్మ స్నానం చేసి, దణ్ణం పెట్టి, ఆ కంకులు దులిపి గింజ తీసేది. ఆ గింజే మళ్ళీ ఏడాది పంట. "ఇవి దేవుడి పాలు. ఇవి ఉన్నన్నాళ్ళూ మన నోటికి లోటు లేదు," అనేది.

మడి వెనక గుహలో కంబళయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటినిండా గొంగళి కప్పుకున్నట్టు బొచ్చు, అందుకే ఆ పేరు. మంచివాడే. భక్తి కూడా జాస్తి. ఎలుగుబంటి రొమ్ము మీద తెల్ల మచ్చ ఉంటుంది చూడండి, దాన్ని చూపించి, "నాకు నామం పుట్టుకతోనే వచ్చింది. మీలాగా రోజూ పెట్టుకునే పని లేదు," అని అందరికీ చెప్పేవాడు. ఒక్కటే లోపం. నాలుక అడిగిందంటే నామం కాస్త పక్కకి జరిగేది.

ఆ ఏడు ఎండాకాలం చివర, ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ నిద్రలో ఉన్నారు. కంబళయ్యకి నిద్ర పట్టలేదు. వెదురు బొంగులో పుట్టతేనె ఉంది. తేనెలో అద్దుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు తూర్పు మూల ఎర్రగా ఊగుతున్న దేవుడి కాడలు కనిపించాయి.

వాటి ముందుకి వెళ్ళి చేతులు జోడించాడు.

"స్వామీ, నీకు ఏడు కాడలు ఎందుకు? ఆరు సరిపోవా?"

స్వామి ఏమీ అనలేదు.

"కాదనలేదంటే సరిపోతాయనే," అనుకుని కంబళయ్య ఒక కాడని రొమ్ముకి హత్తుకుని, ఊపి, వంచి విరిచాడు. తేనెలో ముంచి నమిలాడు. ముదురు కాడ పైకి పీచుగా ఉంటుంది గానీ లోపలంతా వెన్నే. నమిలి, రసం పీల్చి, పిప్పి ఊసి, కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆరు కాడలు.

"అయ్యో, ఆరు సరిసంఖ్య కదా. దేవుడికి సరిసంఖ్య పెడితే దోషం," అని నిజంగానే భయపడ్డాడు. దోషం పోవాలని ఇంకొకటి విరిచాడు.

అయిదు మిగిలాయి. "స్వామికి ఉన్నవి మూడు నామాలు. నామానికొకటి చొప్పున మూడు చాలు." రెండు విరిచాడు.

మూడు మిగిలాయి. "ముగ్గురు కలిసి బయల్దేరితే పని చెడుతుందంటారు పెద్దలు." ఒకటి విరిచాడు.

రెండు మిగిలాయి. మళ్ళీ సరిసంఖ్య. మళ్ళీ దోషం.

చివరికి ఒక్క కాడ మిగిలింది. కంబళయ్య దానికేసి చాలాసేపు చూశాడు. "ఇంత పెద్ద దేవుడికి ఒక్కటంటే ఒక్క కాడ పెట్టారా అని చూసినవాళ్ళు నవ్వరూ? స్వామీ, నీ పరువు పోనివ్వను," అని అదీ తినేశాడు.

దేవుడి పరువు కాపాడి, పొట్ట నిమురుకుంటూ, తేనె చేతులతోనే వీపు గోక్కున్నాడు. కాడ వంచినప్పుడల్లా పండిన కంకి దులిపినట్టయి, గింజలు జలజలా వీపు మీద రాలాయని చూసుకోలేదు. తేనెకి గింజలు అంటుకున్నాయి. తేనె వాసనకి చీమలొచ్చాయి. నేల మీద రాలిన గింజల్ని కొన్ని చీమలు పుట్టలోకి మోసుకుపోయాయి. తక్కినవి కంబళయ్య వీపెక్కాయి. "అబ్బా, అబ్బా," అంటూ పరిగెత్తి, మిగిలిన కంకుల్ని వాగులో పారేసి, బురదగుంటలో వెల్లకిలా పడి దొర్లాడు. చీమలు పోయాయి. బురద ఆరి వీపుకి అరుగు అలికినట్టు అంటుకుపోయింది.

సాయంత్రం శేషమ్మ స్నానం చేసి తూర్పు మూలకి వచ్చింది. చూసింది. తుంచిన తోటకూర కాడలా అక్కడే వాలిపోయింది.

"ఒక్క గింజ లేదు. ఏడాది పొడుగునా వీళ్ళంతా ఏం తింటారు? లేడి ఈని వారం కాలేదే," అంది.

అందరూ చేరారు. నేల మీద ఒక పిచ్చుక ఈక కనిపించింది. మడి చుట్టూ ఉన్న ముళ్ళకంపలో మంగతాయి అనే పిచ్చుక గూడు కట్టుకుని ఉంది. గూట్లో మూడు గుడ్లు.

"గింజలు తినే ముక్కు ఇంకెవరికుంది ఇక్కడ?" అన్నాడు ముసలి కోతి.

"ఇల్లు ఇక్కడుంటే ఈక ఇక్కడ రాలక అవతలి కొండ మీద రాలుతుందా?" అంది మంగతాయి. "ఏడు కాడలు విరవడానికి నాకు చేతులేవి మావయ్యా? రెక్కలతో విరిచానా?"

కోపంగా ఉన్నవాళ్ళకి లెక్క సరిగా రాదు. ఆ అడవిలో కట్టుబాటు ఒకటే. దేవుడి పాలు తిన్నవాళ్ళు ఆ రోజే అడవి విడిచి పోవాలి. మంగతాయి పోగలదు. గుడ్లు ఎలా పోతాయి?

తీర్పు చెప్పడానికి నిదానయ్య అనే పెద్ద తాబేలుకి కబురు పెట్టారు. ఆయన మడుగు నుంచి మడి దాకా రావాలంటే మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆరుద్ర వాన పడుతూనే ఉంది.

మొదటి రోజు మంగతాయి తడుస్తూ కంబళయ్య గుహకి వచ్చింది.

"అన్నా, నీ ఇల్లు మడి వెనకే కదా. ఆ మధ్యాహ్నం ఎవరొచ్చారో చూశావా?"

"నిద్రపోతున్నానమ్మా," అన్నాడు కంబళయ్య. వీపు కొంచెం దురద పెట్టింది.

రెండో రోజు శేషమ్మ వచ్చింది.

"కంబళయ్యా, నామం ఉన్నవాడివి. నీ మాట నలుగురూ వింటారు. మంగతాయి అలాంటిది కాదని ఒక్క మాట చెప్పరాదూ?"

"ఎవరి మనసులో ఏముందో మనకేం తెలుసత్తా," అన్నాడు. దురద ఇంకా పెరిగింది.

మూడో రోజు ఎవరూ రాలేదు. ఎవరూ రాకపోయినా దురద పెట్టింది. వీపు ఆనించి పడుకోలేక గుహ వాకిట్లో బోర్లా పడుకున్నాడు. వీపు మీద సన్నగా జల్లు పడుతోంది. చల్లగా హాయిగా ఉంది. "స్వామీ, కాడలు తిన్నది పొట్ట కదా. మధ్యలో వీపేం చేసింది?" అని మొరపెట్టుకున్నాడు. స్వామి అప్పుడూ ఏమీ అనలేదు. ఆయన చేసే పని ఆయన చేసుకుంటున్నాడు.

నాలుగో రోజు పొద్దున వాన వెలిసింది. నిదానయ్య వచ్చాడు.

"దారిలో ఆలస్యమైందా తాతా?" అంది శేషమ్మ.

"లేదమ్మా, పరుగున వచ్చాను," అన్నాడాయన.

ఆ అడవిలో ప్రమాణం ఎలా చేస్తారంటే, సూర్యుడికి ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, ఉన్నచోటే చుట్టూ ఒకసారి తిరిగి, అప్పుడు మాట చెప్పాలి. మనం గుళ్ళో చేస్తామే, ఆత్మప్రదక్షిణ, అదన్నమాట. లేడి తిరిగి, తనకేమీ తెలియదంది. కోతి తిరిగాడు. మంగతాయి గూటి అంచున కూర్చునే తిరిగి, "నేను ముట్టుకోలేదు," అంది.

కంబళయ్య వంతు వచ్చింది. నామం కనిపించేలా రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. మెల్లగా తిరిగాడు. వీపు అందరి వైపుకీ వచ్చింది.

అందరూ మెడలు చాచి చూశారు. కోతి ఏదో అనబోతే నిదానయ్య కళ్ళతోనే ఆపాడు.

నా నామం చూసి నోట మాట రాలేదు వీళ్ళకి, అనుకున్నాడు కంబళయ్య. "నాకేమీ తెలియదు," అన్నాడు.

"ముసలాణ్ణి నాయనా, సరిగా వినపడలేదు. ఇంకోసారి తిరిగి చెప్పు," అన్నాడు నిదానయ్య.

కంబళయ్య మళ్ళీ తిరిగాడు. లేడి ముఖం పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకుంది. "నాకు... ఏమీ తెలియదు," అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

"ఇంకొక్కసారి. మూడోసారికి బాగా వినపడుతుంది."

మూడోసారి తిరుగుతుంటే కాళ్ళు తడబడ్డాయి. తూలాడు.

"అన్నా, మెల్లగా తిరుగు. పడతావు," అంది మంగతాయి, గుడ్ల మీద రెక్కలు కప్పుకుని.

కంబళయ్య ఆగిపోయాడు. తను నోరు మూసుకుంటే ఇల్లు పోయేది ఈ పిచ్చుకకే. తను పడిపోతానేమోనని చూసుకుంటున్నదీ ఈ పిచ్చుకే. రొమ్ము మీద నామం ఎప్పుడూ లేనంత బరువుగా తోచింది.

"నేనే తిన్నాను," అన్నాడు. "ఏడూ నేనే తిన్నాను. దోషమనీ, పరువనీ దేవుడి మీద పెట్టి తిన్నాను. మంగతాయికి ఏ పాపం తెలియదు. నేనే వెళ్ళిపోతాను."

"వెళ్ళు గానీ, మడి ఎక్కడ పెట్టి వెళ్తావు?" అన్నాడు నిదానయ్య.

"ఏ మడి?"

"నీ వీపు మీద ఉన్నది."

కోతి ఇంక ఆగలేక నేల మీద పడి దొర్లి నవ్వాడు. శేషమ్మ కంబళయ్యని నీటిగుంట దగ్గరికి తీసుకెళ్ళి, మెడ తిప్పి చూపించింది. నల్లటి బొచ్చులో, తడి బురదలో, మెడ నుంచి నడుం దాకా ఎర్రెర్రటి మొలకలు. రెండేసి ఆకులతో, ఒత్తుగా, వేలకి వేలు. గాలికి తలలూపుతున్నాయి.

"బూడిద కలపకుండా చల్లావు. చూడు ఎంత గుబురుగా మొలిచాయో," అని తిట్టింది శేషమ్మ. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మీరందరూ మొదటి తిరుగుడులోనే చూశారా?" అన్నాడు కంబళయ్య సిగ్గుతో.

"చూశాం," అన్నాడు నిదానయ్య. "నీ వీపు చెప్పింది విన్నాం. నీ నోరు కూడా చెబుతుందేమోనని కాచుకున్నాం. నోటితో చెప్పినవాణ్ణి అడవి పోనివ్వదు. పైగా గింజ నీ దగ్గరే ఉందాయె."

తర్వాత మంగతాయి గూటి వైపు తిరిగి తల వంచాడు. "అమ్మా, నీ మీద నింద వేశాం. తప్పు మాది." ముసలి కోతి కూడా నవ్వు మానేసి తల వంచాడు.

శిక్ష మాత్రం పడింది. నారు నాటడానికి వచ్చేదాకా, పన్నెండు రోజులు, కంబళయ్య మడి పక్కన బోర్లా పడుకోవాలి. దొర్లకూడదు. గోక్కోకూడదు. తుమ్మొచ్చినా మెల్లగా తుమ్మాలి. పొద్దునా సాయంత్రం శేషమ్మ దొప్పతో నీళ్ళు చిలకరించేది. మంగతాయి వచ్చి ఆకు తినే పురుగుల్ని ఏరేది.

"కొంచెం ఎడమ పక్కన కూడా పొడుచు చెల్లీ," అని బతిమాలేవాడు.

"అక్కడ పురుగులేం లేవన్నా."

"పురుగు లేదు, దురదుంది."

పన్నెండో రోజు నారు తీసి మడిలో నాటారు. ఆ రోజే గూట్లో మూడు పిల్లలు కళ్ళు తెరిచాయి. కంబళయ్య వెళ్ళి ఒక మొరటు చెట్టుకి వీపు ఆనించి, సాయంత్రం దాకా గోక్కున్నాడు. ఆ సుఖం ముందు తేనె ఏపాటిదని చెప్పుకున్నాడు.

కాడలు ఎదిగాక శేషమ్మ తూర్పు మూలకి వచ్చింది. దేవుడి కాడలకి గుర్తుగా నారపోగు కట్టే పని ఈసారి కంబళయ్యకే ఇచ్చింది. ఏడు కట్టాడు. ఆగి ఆలోచించాడు.

"అత్తా, ఏడు మంచిదే గానీ, నవగ్రహాలు తొమ్మిది కదా."

"సరే, తొమ్మిది కట్టు."

తొమ్మిది కట్టాడు. "పదకొండు ఏకాదశి. స్వామికి ఇష్టం."

"కట్టు."

"ఇరవై ఏడు నక్షత్రాలున్నాయి. నూట ఎనిమిది నామాలున్నాయి..."

శేషమ్మ నారపోగుల కట్ట లాక్కుంది. "ఆ భక్తికి ఏడు చాలు కంబళయ్యా. తక్కినవి మమ్మల్ని తిననియ్యి."

అప్పటినుంచి ఆ మడిలో దేవుడికి ఏడు కాడలే. కథ కంచికి నడిచింది, నిదానయ్య వెనకాలే, కాబట్టి ఇంకా దారిలోనే ఉంటుంది. మనం మాత్రం వెళ్ళి ఎర్ర తోటకూర పులుసుతో అన్నం తిందాం.

నీతి: తప్పు తోటకూర గింజంత చిన్నదైనా, దాచిపెడితే మనకి కనపడని చోట మొలిచి నలుగురికీ కనపడుతుంది, మొలవకముందే నోటితో ఒప్పుకోవడం మేలు.