వరాలు నీళ్ళ మీద పడుకున్న కథ

ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి, లేకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది నాకు.

అనగనగా, నాలుగు పక్కలా గోదారి ఉన్న ఒక లంక ఊళ్ళో, వరాలు అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న సింహాద్రి రేవులో పడవ నడిపేవాడు. అమ్మ లేదు. వరాలు ఉయ్యాల్లో ఉండగానే, గడ్డిమోపుతో ఏరు దాటుతూ ఆవిడ కాలు జారి గోదాట్లో కొట్టుకుపోయింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పిల్లలకి అయిదో ఏడు రాగానే, ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు, తండ్రి ఎండిన సొరకాయ బుర్ర వీపుకి కట్టి ఏట్లోకి దింపి ఈత నేర్పేవాడు. ఎవరు బుర్ర కడితే ఆ పిల్ల ప్రాణం వాళ్ళ పూచీ. అందుకని ఒకరి పిల్లకి ఇంకొకరు కట్టేవాళ్ళు కాదు.

వరాలుకి అయిదో ఏడు వచ్చింది. సింహాద్రి బుర్ర కట్టలేదు. రేవు గట్టున తమ ఇంటి ముందు సున్నంతో పొడుగ్గా ఒక గీత గీశాడు. "ఈ గీత దాటకమ్మా. నీళ్ళు నీ కాలికి తగలకపోతే నీకేం కాదు" అన్నాడు. వానకి గీత చెరిగిపోతే మళ్ళీ గీసేవాడు.

ఇంక చూసుకో, ఊళ్ళో పిల్లలందరూ ఏట్లో ఉంటే వరాలు ఒక్కత్తే గీతకి ఇవతల.

"వరాలూ, మా బట్టలు చూస్తూ ఉండవే, కుక్క లాక్కుపోద్ది" అనేది ఒకత్తి. "దానికి నీళ్ళంటే భయమే, పిల్లి కదా" అనేది ఇంకొకత్తి. మూడోవాడు ఏమీ అనేవాడు కాదు, తడి చొక్కా తెచ్చి దాని ఒళ్ళోకి విసిరి పోయేవాడు.

మొదట్లో వరాలు నవ్వేది. ఆ తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత, వాళ్ళు వచ్చే వేళకి ఇంట్లోకి పోయి తలుపేసుకునేది. తలుపేసుకున్నా కేకలు వినపడుతూనే ఉండేవి.

ఇంటి వెనక మోకాలి లోతు మడుగు ఒకటి ఉండేది. దాని పక్కన బాతుల మారెమ్మ గుడిసె. ఆవిడకి పిల్లల్లేరు, ఎవరికీ బుర్ర కట్టి ఎరగదు. బాతులతోనే మాట, బాతులతోనే తగువు. సింహాద్రి గీత ఏటివైపు ఉంది గానీ మడుగువైపు లేదు కదా. వరాలు రోజూ అక్కడికి పోయి కూర్చునేది.

అలా ఒకనాడు అడిగింది. "మామ్మా, నాకు బుర్ర కడతావా?"

"నేను కట్టను. నువ్వు నా పిల్లవా ఏం? మీ నాన్న నన్నూ బాతుల్నీ కలిపి ఏట్లో విసిరేస్తాడు" అంది మారెమ్మ. కాసేపు బాతుల వైపు చూసింది. "బుర్ర కట్టకుండా చెప్పొద్దని మాత్రం ఎవరూ అనలేదు" అంది.

మొదట నీళ్ళలో ముఖం పెట్టించి బుడగలు ఊదించింది. ముక్కులోకి నీళ్ళు పోయి వరాలు ఏడ్చింది. "ఏడువు. ఏడవడం అయ్యాక మళ్ళీ ఊదు" అంది మారెమ్మ.

ఆ తర్వాత మెడ కింద చెయ్యి వేసి వెల్లకిలా పడుకోబెట్టింది. "చెవులు మునగనీ. పొట్ట పైకెత్తు. ఆకాశం కేసి చూడు. నీళ్ళతో గొడవ పడకు. ఆ బాతు పడుతోందా చూడు" అంది. ఒళ్ళు బిగిస్తే వరాలు మునిగేది. వదిలేస్తే తేలేది. బాగా తేలిన రోజున, మారెమ్మ చెప్పకుండా చెయ్యి తీసేసింది.

ఆ తర్వాత లంగా, జాకెట్టుతోనే మడుగులో బోర్లా పడమంది. "పొరపాటున పడేవాళ్ళు బట్టలు విప్పుకుని పడరు కదే" అంది. పడగానే వెల్లకిలా తిరగాలి. ముందు ఊపిరి, ఆ తర్వాతే కేక. చేతికి ఏది తగిలితే అది పట్టుకోవాలి.

"మామ్మా, చెవులు మునిగితే ఏమీ వినపడదు. లోకంలో ఎవరూ లేనట్టుంటుంది" అంది వరాలు.

"నిజంగా పడ్డప్పుడు ఎవరూ ఉండరే పిల్లా. నువ్వూ, ఆకాశమూ, అంతే."

"అది నాకలవాటే" అంది వరాలు.

మారెమ్మ కొంగుతో దాని తల తుడిచింది. "నేను లేకుండా మడుగులో కాలు పెట్టావో, వీపు పగులుద్ది" అంది. నువ్వూ విన్నావుగా? పెద్దవాళ్ళు పక్కన లేకుండా నీళ్ళ జోలికి పోకూడదు. ఏదీ, ఊఁ కొట్టు.

అలా ఉండగా వానాకాలం వచ్చింది. గోదాట్లో ఎర్ర నీళ్ళు దిగాయి. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. ఆ ఊళ్ళో పడవవాడి పిల్లలు అందరికన్నా ఆఖరున ఎక్కాలి. ముందే ఎక్కించుకుంటే, పడవవాడు మళ్ళీ వెనక్కి రాడేమో అని ఊరికి భయం.

మొదటిసారి బాలింతల్నీ, మంచాన ఉన్నవాళ్ళనీ దాటించాడు. రెండోసారి ఆడవాళ్ళనీ, పిల్లల్నీ. బాతుల గంపలు ఎక్కించనివ్వలేదని తిట్టుకుంటూ మారెమ్మ కూడా ఎక్కింది.

"ఒరే సింహాద్రీ, ఈ పిల్లని కూడా ఎక్కించుకోరా" అంది.

"నేను తిరిగొస్తానని ఊరికి నమ్మకం ఉండాలి కదా పిన్నీ" అన్నాడు సింహాద్రి. కూతురి వైపు తిరిగి, "గీత లోపలే ఉండమ్మా" అన్నాడు.

పడవ కదిలింది. మారెమ్మ వరాలు వైపే చూస్తూ, వేలు ఎత్తి ఆకాశం చూపించింది.

మూడోసారి మగవాళ్ళు ఎక్కారు. పడవ అంచుదాకా నీళ్ళలోకి దిగిపోయింది. ఇంక పిల్లి కూడా పట్టదు. అప్పుడు ఆ లంకలో వరాలు ఒక్కత్తే మిగిలింది. గీత లోపలే నిలబడింది.

గీత దాటింది గోదారి.

మొదట అరుగు మునిగింది. ఆ తర్వాత గడప మునిగింది. ఆ తర్వాత మట్టిగోడ కూలింది, వరాలు కాళ్ళకింద నేల లేదు.

కేక వెయ్యబోయింది. ముందు ఊపిరి అనుకుంది. వెల్లకిలా తిరిగింది. చెవులు మునగనిచ్చింది. అంత హోరూ ఒక్కసారి ఆగిపోయింది. పైన బూడిదరంగు మబ్బు. ఒక కొంగ అడ్డంగా ఎగిరిపోయింది, కిందికి చూడనైనా చూడలేదు. వరాలుకి ఏడుపొచ్చింది. ఏడ్చింది గానీ, ఒళ్ళు మాత్రం బిగించలేదు.

ఎంతసేపు అలా పోయిందో దానికే తెలియదు. నెత్తికి ఏదో గరుగ్గా తగిలింది. మునిగిపోయిన తోటలో ఒక గున్న కొబ్బరిచెట్టు. రెండు చేతులా మట్టని కావలించుకుంది.

అప్పుడు సింహాద్రి ఖాళీ పడవతో వచ్చాడు. చూస్తే ఇల్లు లేదు. పొడుగాటి పడవ గడ నీళ్ళలో గుచ్చి వెతకడం మొదలుపెట్టాడు. ఇల్లున్న చోట గుచ్చాడు. మడుగున్న చోట గుచ్చాడు. వెతుక్కుంటూ తోటలోకి వచ్చాడు. పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే పలికే చోట పిల్ల ఉంటుందని అతనికి తోచలేదు. వంగి, అడుగునే వెతుకుతున్నాడు.

"నాన్నా, నేను పైనున్నాను" అంది వరాలు.

సింహాద్రి చేతిలోంచి గడ జారిపోయింది. మట్టలు పట్టుకుని పడవ లాక్కుంటూ వచ్చి, పిల్లని ఎత్తుకున్నాడు. నీళ్ళ మీద తేలడం ఎవరు నేర్పారని అడిగితే, బాతుల మామ్మ అని చెప్పింది వరాలు.

ఆవలిగట్టున గుడారం కింద మారెమ్మ ఒక్కత్తే కూర్చుని ఉంది. బాతులన్నీ పోయాయి. సింహాద్రి రావడం చూసి, "తిట్టుకుంటే తిట్టుకో. బుర్ర మాత్రం కట్టలేదు" అంది.

"నా పూచీ నువ్వు మోశావు పిన్నీ" అని, ఆవిడ పక్కన కూలబడ్డాడు సింహాద్రి.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. గోదారి నడుంలోతుకి తగ్గింది. సింహాద్రి కూతుర్నీ, మారెమ్మనీ ఏటికి పిలుచుకొచ్చాడు.

"నువ్వే దింపు పిన్నీ" అన్నాడు.

"నువ్వు దిగరా. నీళ్ళలో మనిషి ఉంటే గట్టు మీద ఒకరు చూస్తూ ఉండాలి" అని మారెమ్మ ఇసకలో కూర్చుంది.

సింహాద్రి రోజూ గోదారి మీద తిరిగేవాడే గానీ, భార్య పోయాక ఒక్కనాడూ నీళ్ళలోకి దిగలేదు. ఆ రోజు దిగాడు. వరాలు చెప్పినట్టే వెల్లకిలా పడుకుని, చెవులు మునగనిచ్చాడు. ఊరు వినపడలేదు. కూతురి మాట కూడా వినపడలేదు. లోకంలో ఎవరూ లేనట్టుంది. ఇన్నాళ్ళూ తన పిల్ల ఎక్కడుందో అప్పుడు తెలిసింది అతనికి. పక్కకి చెయ్యి చాపాడు. వెతగ్గా వెతగ్గా చిన్న వేలొకటి తగిలింది.

గట్టు మీద మారెమ్మ రెప్ప వెయ్యలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
పడవేమో మన రేవు పట్టింది,
ఊఁ కొట్టే నోటికి ఆవులింత పట్టింది,
ఇంట్లో మా బంగారానికి నిద్ర పట్టింది.