నేతవీధిలో రాజుగారి పాదాలు

అనగా అనగా, ఏటి ఒడ్డున చెంగల్వపురమనే పట్నం. ఆ పట్నంలో మూడు వందల గుంటమగ్గాలు ఆడేవి. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవారు. రాజు సుదర్శనవర్మ ఏడాదికి గుంటకో రూక పన్ను తీసుకునేవాడు. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు తమ గుంటను తామే మట్టితో పూడ్చి వెళ్ళడం అక్కడి ఆచారం.

రాజుకొక కోరిక పుట్టింది. పొరుగు రాజులు చూసి నోళ్ళు వెళ్ళబెట్టేలా ఊరి ముందు ఏడంతస్తుల ద్వారం కట్టించాలని! పన్ను రెండు రూకలైంది. ద్వారం లేవసాగింది. వంద గుంటలు పూడాయి.

"ప్రభూ, మగ్గాలు తగ్గాయి. ఉన్నవాళ్ళ మీద ఇంకాస్త వేస్తే సరిపోతుంది" అన్నాడు పన్నుల అధికారి కోదండపాణి. ఆయన లెక్కలో మనుషులకు కాళ్ళుండవు మరి!

పన్ను మూడు రూకలైంది. మరో వంద గుంటలు పూడాయి. నాలుగు చేసేసరికి ముప్ఫై మగ్గాలే మిగిలాయి. ద్వారం నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయింది.

రాజుకు భయం వేసింది. ఒకనాటి ఉదయం కోదండపాణిని వెంటబెట్టుకుని నేతవీధికి వెళ్ళాడు. అక్కడ నరసాయమ్మ అనే ముసలి నేతగత్తె తన గుంటలోకి తట్టతో మట్టి పోస్తోంది. పోస్తూ ఏడుస్తోంది. ఆ గుంటలో ఆమె అత్తగారి కాళ్ళూ, పెనిమిటి కాళ్ళూ ఆడాయి.

"నాలుగు రూకలు అంత బరువయ్యాయా, అమ్మా?" అన్నాడు రాజు.

"రూకలు కాదు దొరా. ఇటు రండి."

నేతకు ముందు పడుగు నూలును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, ఆరబెట్టాలి. ఆ వీధిలో కాలువ తెగి మూడేళ్ళుగా మురుగు పారుతోంది. నిన్న సాచిన పడుగు తెగి బురదలో పడి ఉంది.

"ఇది మా ఇంటి నెల తిండి. ఏటి అవతలి ఊళ్ళోనూ మూడు రూకలు తీసుకుంటారు. కానీ అక్కడ వీధి పొడిగా ఉంటుంది. మా రూకలన్నీ మీ ద్వారమెక్కి కూర్చున్నాయి!" అంది నరసాయమ్మ.

రాజు తలవంచుకున్నాడు. "పన్ను మాఫీ చేస్తాను. ఉండిపో తల్లీ."

"వద్దు దొరా. మాఫీ చేస్తే కాలువ ఎవరు కడతారు? తీసుకోండి. కానీ తీసుకునే రోజున చెప్పులు విప్పి ఈ వీధి చివరిదాకా నడవండి. పాదాలకు బురద అంటకపోతేనే తీసుకోండి. అప్పటిదాకా నా గుంట ఇలా సగం పూడే ఉంటుంది."

"ఎంత పొగరు!" అని కోదండపాణి గర్జించాడు. రాజు చెయ్యెత్తి అతన్ని ఆపాడు.

ద్వారం కోసం తెచ్చిన రాళ్ళు నేతవీధికి వచ్చాయి. కాలువకు గట్టు లేచింది. వానలు వెళ్ళాక రాజు చెప్పులు విప్పి నడిచాడు. వెనకే కోదండపాణికీ నడవక తప్పలేదు. వీధి చివర నరసాయమ్మ వంగి రాజు పాదాలు చూసింది. కొంగు ముడి విప్పి నాలుగు రూకలు ఇచ్చింది. రాజు రెండు తీసుకుని రెండు తిరిగి ఇచ్చేశాడు. ఆమె లోపలికి వెళ్ళి, గుంటలోని మట్టిని తట్టతో బయటికి ఎత్తిపోసింది.

వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కొత్తవాళ్ళూ వచ్చారు. మూడో ఏటికి నాలుగు వందల మగ్గాలు ఆడాయి. రెండేసి రూకలతోనే ఖజానా మునుపెన్నడూ లేనంతగా నిండింది. ద్వారం మాత్రం నాలుగంతస్తుల దగ్గరే ఉండిపోయింది. పూర్తి చెయ్యమని ఎవరూ అడగలేదు.

కాబట్టి పిల్లలూ, ప్రజలిచ్చిన పన్ను ప్రజల వాకిట్లో కనబడిన ఊరే పెరుగుతుంది, దాని ఖజానాయే నిండుతుంది.